అందరూ నన్నే పిలిచారు

ఏప్రిల్ 2

తప్పంతా గొంతుదే. ఇన్ని నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి తేల్చింది ఇదొక్కటే. పోయినసారి సెలక్షన్ బోర్డులో నేను దేనిలోనూ తగ్గలేదు. పరుగులో అబ్బాయిల పక్కనే ఉన్నాను. ఇంటర్వ్యూలో తడబడలేదు. గ్రౌండ్ టెస్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కమాండ్ టాస్క్‌లో మమ్మల్ని వంతులవారీగా కమాండర్లని చేసి, దాటాల్సిన అడ్డంకి చూపించి, "సాయానికి ఇద్దరిని ఎంచుకో" అన్నారు. ఎవరి వంతు వచ్చినా ముందు నా నంబరే పిలిచారు. అందరూ నన్నే పిలిచారు. ఇది నేను కల్పించుకున్నది కాదు. టెస్టింగ్ ఆఫీసర్ కూడా ఒకసారి నవ్వి "మళ్ళీ నువ్వేనా?" అన్నాడు.

అలాంటి మనిషిని చివరిరోజు ఎంపికైనవాళ్ళ నంబర్లు చదివేటప్పుడు వదిలేశారంటే కారణం గొంతు కాక మరేమిటి? నాది సన్నటి గొంతు. హుకుం జారీ చేసినా అర్జీ పెట్టుకున్నట్టే ఉంటుంది.

మళ్ళీ పిలుపు వచ్చింది, జూన్‌లో. ఇదే ఆఖరిది. ఆ తర్వాత నా వయసు దాటిపోతుంది. సైన్యంలో ఆఫీసర్‌ని కావాలని స్కూల్లో ఉన్నప్పటి నుంచి అనుకుంటున్నాను. ఇది కూడా పోతే ఇక అనుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

రేపటి నుంచి డాబా మీద గొంతు సాధన.

ఏప్రిల్ 3

నీళ్ళ ట్యాంకు ముందు నిలబడి "తాడు వదులు! ఎడమకు జరుగు!" అని శక్తికొద్దీ అరిచాను. కింది వాటా ఆవిడ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చి "మీ ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అమ్మనడిగింది. "గొడవేం లేదాంటీ, మా అక్క నీళ్ళ ట్యాంకుకి డ్రిల్లు నేర్పిస్తోంది" అన్నాడు తమ్ముడు. వాడికి నేనంటే ఎప్పుడూ వేళాకోళమే.

ఏప్రిల్ 5

"నువ్వు బోర్డుకెళ్తే ఆ ఐదు రోజులూ ఇల్లెలా నడుస్తుందే?" అంది అమ్మ. నాకూ అదే బెంగ.

పొద్దున లేవగానే మోటారు వేసేది నేను. గ్యాసు అయిపోతే ఫోన్ చేసేది నేను. తమ్ముడి కాలేజీ చొక్కా ఇస్త్రీ నేను. అమ్మ కుట్టిన బట్టలు కొట్టుకి చేరవేసేది నేను. నాన్న సంగతి సరేసరి. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆయన కుడిచెయ్యి మాట వినదు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన చెయ్యి. గడ్డం గీసి, చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు నేను ఆస్పత్రికి డ్యూటీకి పరుగెత్తుతాను. నర్సుని కాదు, అక్కడి లాండ్రీలో సూపర్‌వైజర్‌ని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట ఎప్పుడో గెలిచాను. నేను లేకపోతే ఈ ఇల్లు ఒక్కపూట కూడా నడవదు.

ఏప్రిల్ 8

కోచింగ్‌లో చేరాను. సీసాల గోదామొకటి మూతపడి ఉంది, దాని వెనక ఖాళీ స్థలం. తుప్పు పట్టిన డ్రమ్ములు, చెక్క పలకలు, వాసాలు, తాళ్ళు. నేర్పేది సైన్యంలో ఆఫీసర్‌గా చేసి రిటైరైన ఆవిడ. అందరూ మేజర్ మేడమ్ అంటారు. మోకాళ్ళ నొప్పులు కాబోలు, ఒక డ్రమ్ము మీద కూర్చుని కదలకుండా చూస్తుంది.

గ్రూపుగా పని ఇచ్చింది. ఎర్ర రంగు పూసిన నేల తాకకుండా పలకల సాయంతో ఒక బరువైన పెట్టెని అటు దాటించాలి. నేను రంగంలోకి దిగాను. పలక నేనే ఎత్తాను, తాడు నేనే కట్టాను, పెట్టె సగం బరువు నేనే మోశాను. అందరికంటే ముందు మా గ్రూపే ముగించింది. శభాష్ అంటుందని చూశాను.

"మీ గ్రూపులో అందరూ చేతులు చూపించండి" అంది మేడమ్. చూపించాం. నా అరచేతులు ఎర్రగా గీసుకుపోయి ఉన్నాయి. మిగతావాళ్ళవి తెల్లగా, కడిగిన పళ్ళాల్లా ఉన్నాయి.

"తాడు కట్టిందెవరు?"

"నేనే మేడమ్."

"పలక మోసిందెవరు?"

"నేనే మేడమ్."

"మరి వీళ్ళు?"

"నాతోనే ఉన్నారు మేడమ్."

"బస్సులో ఉన్నట్టా?"

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పోయినసారి బోర్డులో కమాండ్ టాస్క్‌కి అందరూ నన్నే పిలిచారు మేడమ్" అన్నాను.

"పిలవరా మరి? ఇల్లు మారేటప్పుడు కూడా ముందు నిన్నే పిలుస్తారు" అంది ఆవిడ, ఏ కోపమూ లేకుండా.

ఏప్రిల్ 9

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆ చిరాకు మన మీద చూపిస్తుంది.

ఏప్రిల్ 10

వెళ్ళలేదు. లాండ్రీలో పని ఎక్కువ.

ఏప్రిల్ 11

వెళ్ళలేదు. జలుబు. (జలుబేమీ లేదు.)

ఏప్రిల్ 12

మధ్యాహ్నం భోజనాల వేళ ఉతికిన దుప్పట్ల కట్ట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. రాయకపోతే పగలగొట్టేలా ఉన్నాను దేన్నో ఒకదాన్ని.

ఇస్త్రీ రోలరు దగ్గర ఇవాళ కొత్తమ్మాయి చేరింది. పిల్లోకవర్లు తక్కువైతే నేనే వెళ్ళి ఒక చంకెడు తెస్తున్నాను. ట్రాలీ వెనక ఉన్నాను, వాళ్ళకు కనపడను. కొత్తమ్మాయి అడుగుతోంది, సూపర్‌వైజర్ ఎలాంటిదని. మా దగ్గర అందరికంటే పాతది, దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ చెబుతోంది.

"మా సూపర్‌వైజరమ్మ బంగారం. నోరెత్తి ఒక్కమాటనదు. నువ్వు కాస్త నెమ్మదిగా కదిలావనుకో, తనే వచ్చి నీ పని కూడా అందుకుంటుంది. తొందరపడి చేసేశావంటే నష్టం నీకే."

చంకలో పిల్లోకవర్లతో అక్కడే నిలబడిపోయాను. ఆవిడ మాటలో ఎగతాళి లేదు. మెచ్చుకుంటోంది. అదే భరించలేకపోయాను.

నేను వీళ్ళకి పెద్దనా? లేక వీళ్ళందరిలో ఎక్కువ పనిచేసే మనిషినా? జీతంలో తేడా ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ నాకు అనుమానం రాలేదు.

ఏప్రిల్ 14

మళ్ళీ కోచింగ్‌కి వెళ్ళాను. జలుబు తగ్గిందా అనైనా అడగలేదు మేడమ్. లాండ్రీ సంగతి నేనే చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"ఇక్కడికొచ్చే ఆడపిల్లల్లో రెండు రకాలు చూశాను. కొందరు మగపిల్లల్లా గొంతు చించుకుంటారు. కొందరు నీలా నోరు మూసుకుని చాకిరీ చేస్తారు. రెంటికీ వేరు ఒకటే."

"ఏమిటది మేడమ్?"

"అది నువ్వే చూసుకోవాలి. ఇవాళ్టి నుంచి రెండు వారాలు ఇంట్లో ఎవరి పనీ నీ చేత్తో చెయ్యకు. చేయించు. చెయ్యి ఊరుకోకపోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడు. పలకలూ తాళ్ళూ తర్వాత."

ఇంత డబ్బు కట్టి చేరితే ఇంటిపని మానెయ్యమని నేర్పిస్తోంది. ఎవరికన్నా చెబితే నవ్విపోతారు.

ఏప్రిల్ 15

"తమ్ముడూ, మోటారు వెయ్యరా."

"ఆఁ."

వాడి "ఆఁ" అంటే ఏమిటో ఈ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. నేను చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నిలబడ్డాను. కాసేపటికి బాత్రూంలోంచి కేక. "అక్కా, నీళ్ళు రావట్లేదే!"

"స్విచ్చి మెట్ల కింద ఉంది."

"తల నిండా సబ్బుందే!"

"సబ్బుతో కూడా వెయ్యొచ్చు."

నడుముకి తువ్వాలు, నెత్తి మీద నురగ, ఒక కన్ను మూసుకుని మెట్లు దిగాడు. కింది వాటా ఆవిడ సరిగ్గా అప్పుడే తలుపు తీసింది. ఇద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు. నాకు నవ్వాగలేదు. ఈ కోచింగ్ బాగానే ఉన్నట్టుంది.

ఏప్రిల్ 16

తమ్ముడు స్నానానికి వెళ్ళే ముందు తనంతట తనే మోటారు వేశాడు.

అమ్మతోనే కష్టం. "అమ్మా, ఈ బట్టలు నువ్వు కొట్టుకి ఇచ్చిరా, లేదా వాడిని పంపు" అంటే, "ఎవరూ వద్దులే, నేనే చేసుకుంటాను" అని మూతి ముడుచుకుని మూట తనే నెత్తికెత్తుకుంది. ఒకరిని అడగడం కన్నా తనే చేసుకోవడం ఆవిడకి తేలిక. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం ఎవరి మీదో అర్థమయింది. అమ్మా నేనూ ఒకే అచ్చులో పోసిన మనుషులం.

ఏప్రిల్ 17

నాన్నకి చొక్కా తొడిగి, "గుండీలు నువ్వే పెట్టుకో నాన్నా" అన్నాను. ఆయన నా మొహం కేసి చూశాడు. తర్వాత తన చేతి కేసి చూసుకున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని బయటికి వచ్చేశాను. డ్యూటీకి ఆలస్యమవుతోంది.

ఏప్రిల్ 18

నిన్న రోజంతా నాన్న గుండీల్లేని చొక్కాతో గదిలోనే కూర్చున్నాడట. వరండాలోకి రాలేదు. బయట నలుగురూ చూస్తారని. సాయంత్రం తలుపు తీస్తూనే అమ్మ విరుచుకుపడింది.

"నీ పరీక్ష కోసం ఆయన్ని ఏడిపిస్తావా? ఆఫీసరువయ్యేది ఇంట్లో రోగిష్టి మనిషి మీద పెత్తనం చెయ్యడానికా? నీకు మనసుందా అసలు?"

నాన్న గోడ కేసి తిరిగి పడుకున్నాడు. ఇవాళ పొద్దున గుండీలు నేనే పెట్టాను. పెడుతున్నంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. మా నాన్న కన్నా నాకు ఏ ఆఫీసరు పదవీ ఎక్కువ కాదు. ఆ మేడమ్‌కి పిల్లలున్నారో లేదో.

ఏప్రిల్ 20

మేడమ్‌తో పోట్లాడాను. అందరి ముందూ. "మీరు చెప్పినట్టు చేస్తే మా నాన్న ఏడ్చాడు" అన్నాను.

ఆవిడ డ్రమ్ము మీంచి లేచింది. ఆవిడ లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. "నేను చేయించమన్నాను. వదిలేసి పొమ్మన్నానా?"

చేతిలోని తాడు కింద పెట్టేశాను.

"నువ్వు ఉంటే అన్నీ నువ్వే చేస్తావు, లేకపోతే మనిషిని గాలికి వదిలేస్తావు. ఈ రెంటికీ మధ్యలో ఒక పని ఉందమ్మా. పక్కన నిలబడటం. దానికి ఓపిక కావాలి. ఆ మనిషి చెయ్యగలడన్న నమ్మకం కావాలి. మీ నాన్న చెయ్యగలడని నువ్వు నమ్మావా, లేక నీ వ్రతం చెడకూడదని వదిలేశావా?"

దీనికి సమాధానం ఇక్కడ కూడా రాయను.

ఏప్రిల్ 23

లాండ్రీలో ఒక గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, పొద్దున నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మెడ దగ్గర గుండీ ఆయనకు కనపడదు. అందుకే చెయ్యి తడబడుతోంది. "కింది గుండీ నుంచి మొదలుపెట్టు నాన్నా. కనపడుతుంది కదా" అన్నాను. ఎడమచేత్తో చొక్కా అంచు పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వణుకుతున్నాయి. గుండీ కాజా దాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ జారిపోయింది. నా చేతులు వాటంతటవే లేస్తున్నాయి. తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ కాళ్ళు ఊరుకోవట్లేదు" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే. నిజమే, పాదం నేలకేసి తొక్కుతున్నాను. "బస్సులో ముందు సీట్లో కూర్చునే వాళ్ళు ఇలాగే చేస్తారు. నేను బ్రేకు వేసేలోపు వాళ్ళే వేసేస్తుంటారు."

నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులోనే గుండీ పడింది. తర్వాత దాని పైది. ఒకటి తప్పు కాజాలో పడితే విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. పై గుండీ మాత్రం వదిలేశాడు. "గాలి ఆడాలిలే" అన్నాడు.

వరండాలోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "రెండేళ్ళయిందమ్మా. చెయ్యగలవా అని నన్నెవరూ అడగలేదు" అన్నాడు.

ఆ మాటలో నిందేమీ లేదు. మామూలుగానే అన్నాడు. కానీ నేను ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను. రెండేళ్ళు. నేను సేవ చేస్తున్నాననుకున్నాను. నేను సేవే చేశాను. అయినా.

మే 1

కోచింగ్ పొద్దున పూట. ఇవాళ గ్రూపు పథకం వేసే టెస్టు. ఒక ఉపాయం చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపాగి అదే ఉపాయం పొడుగు చెప్పాడు. పొడుగంటే మా బ్యాచిలో అందరికంటే ఎత్తు అబ్బాయి. అందరూ "భలే" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుందని నేనేమీ అనలేదు.

"అది ముందు చెప్పింది ఈమె" అంది లాయరు. లా చదువుతున్న అమ్మాయి, ఎవరు ఏమన్నా ఎదురు వాదిస్తుంది, అందుకే ఆ పేరు. మొదటిసారి నా పక్షాన వాదించింది.

మేడమ్ మాత్రం నన్నే పట్టుకుంది. "నువ్వు ఎవరికి చెప్పావు?"

"అందరికీ."

"అందరికీ అంటే ఎవరికీ కాదు. నేల చూస్తూ చెప్పావు. చెప్పి, మళ్ళీ 'కుదరదేమోలే' అని నువ్వే తీసేసుకున్నావు. మనిషిని చూడు. పని చెప్పు. ఆ తర్వాత ఆగు."

గొంతు గురించి అడిగాను, పెంచాలా అని. "నీ గొంతుకేం? మీ ఇల్లంతా వినపడుతోంది కదా" అంది.

మనిషిని చూడటం వచ్చింది. పని చెప్పడం వచ్చింది. ఆగడమే రావడం లేదు. చెప్పిన తర్వాత అవతలి మనిషి కదిలే దాకా ఉండే ఆ నిశ్శబ్దం భరించలేను. నా కాళ్ళు ముందు కదిలిపోతాయి.

మే 6

కమాండ్ టాస్క్ సాధన. నా వంతు వచ్చినప్పుడు ఈ మధ్యే చేరిన మెతక పిల్లలిద్దరిని ఎంచుకున్నాను.

"వీళ్ళనే ఎందుకు?" అంది మేడమ్.

"ఎవరూ పిలవట్లేదు మేడమ్. పాపం అనిపించింది."

"పాపం కాదు" అంది లాయరు. "వీళ్ళయితే నీకు ఎదురు చెప్పరు. నేనో పొడుగో అయితే ఎందుకు, ఏమిటి అని అడుగుతాం."

ఆ అమ్మాయికి నోరెక్కువ. అన్నది తప్పు.

మే 7

లాయరు అన్నది తప్పు.

మే 9

లాయరు అన్నది తప్పు కాదేమో.

ఆలోచించాను. లాండ్రీలో పెద్దావిడకి ఒక్క ట్రాలీ తొయ్యమని ఎందుకు చెప్పలేను? "నాకు నడుము నొప్పి" అంటుందని. తమ్ముడికి ఎందుకు చెప్పలేదు ఇన్నేళ్ళూ? "తర్వాత" అంటాడని. కాదంటే నా మాటకి విలువ లేదని తేలిపోతుంది. అడగకపోతే తేలదు. అందుకే మోస్తాను. మోస్తే భుజం నొప్పి పెడుతుంది, అంతే కదా.

ఇదే కాబోలు రెంటికీ ఒకటేనని మేడమ్ చెప్పిన వేరు. అరిచేవాళ్ళదీ ఇదే అయ్యుండాలి. కాదనే సందు ఇవ్వకూడదని అరుస్తారు.

పొద్దున మేడమ్‌కి ఇదంతా చెప్పాను. "నాకు ఇది తెలిసేసరికి తల నెరిసింది" అంది.

మే 10

పెద్దావిడని చూసి, "ఈ ట్రాలీ పై వార్డుకి తీసుకెళ్ళండి" అన్నాను. ఆగాను.

"నడుము నొప్పమ్మా" అంది.

"అయితే కొత్తమ్మాయి తోస్తుంది, మీరు లిఫ్టు దగ్గర తలుపు పట్టుకోండి" అన్నాను. మళ్ళీ ఆగాను. లోపల గుండె దడదడలాడుతోంది. దుప్పట్ల గురించి ఇంత దడ ఎవరికన్నా ఉంటుందా?

ఇద్దరూ వెళ్ళారు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

మే 28

నిన్నా మొన్నా కమాండ్ టాస్క్‌లో లాయరునీ పొడుగునీ ఎంచుకున్నాను. రెండుసార్లూ ఓడిపోయాను. లాయరు ప్రతి తాడుకీ ఒక ప్రశ్న వేసింది. ఇవాళ గెలిచాను. గెలిచినప్పుడు నా చేతులు తెల్లగా ఉన్నాయి. ఏదో దొంగతనం చేసినట్టనిపించింది. ఇది పోవాలి.

జూన్ 9

రేపు బోర్డు. రైల్లో రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి.

గ్యాసు ఎప్పుడయిపోతుందో, మందులు ఎప్పుడు తేవాలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. స్టేషన్‌కి తమ్ముడు వచ్చి పెట్టె తనే పట్టుకున్నాడు. నేను లాక్కోబోతే "చేతులు వెనక్కి, కల్నల్" అన్నాడు.

జూన్ 11

పొడవాటి గది, వరసగా ఇనుప మంచాలు. మా గ్రూపులో నేను కాక మరో అమ్మాయి ఉంది, మూడో నంబరు. ఇక్కడ పేర్లుండవు, ఛాతీ మీద నంబర్లే. ఏడో నంబరు వస్తాదులా ఉంటాడు. గ్రూపు పనిలో పలక ఎవరి చేతిలో ఉన్నా లాక్కుంటాడు, ఎవరు మాట్లాడినా మధ్యలో అందుకుంటాడు. నేను వాడిని చూసి, "ఏడూ, నువ్వు అటు దిగి తాడు అందుకో" అన్నాను. ఆగాను. వినలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి దిగాడు. నా మాటకో, వాడికే దిగాలనిపించిందో తెలియదు.

జూన్ 12

కమాండ్ టాస్కులు మొదలయ్యాయి. నన్నెవరూ పిలవలేదు.

ఒక్కొక్కరూ వెళ్తున్నారు, ఇద్దరిద్దరిని ఎంచుకుంటున్నారు. నేను చెట్టు కింద కూర్చున్నాను. చివర్లో ఒక్కసారి, మూడో నంబరు పిలిచింది. అంతే. పోయినసారి అందరూ నన్నే పిలిచారు. ఈసారి చూసేవాళ్ళకి నేను పనికిరాని మనిషిలా ఉన్నానా? మేడమ్ నాలో ఉన్న ఒక్క మంచి గుణాన్నీ పోగొట్టిందా? మీద పడి సాయం చేసుంటే బాగుండేదా? ఆఖరి అవకాశం ఇది, దీన్ని ప్రయోగాలకి పెట్టానా?

రేపు నా వంతు.

జూన్ 13

నా వంతు అయిపోయింది. నేను కూడా అయిపోయానేమో.

మధ్యలో ఎర్ర రంగు నేల. అటూ ఇటూ చెరో డ్రమ్ము. ఒక పలక, ఒక వాసం, ఒక తాడు. బరువు పెట్టె అటు చేర్చాలి. "ఎవరు కావాలి?" అన్నాడు టెస్టింగ్ ఆఫీసర్. ముళ్ళు బాగా వేసేది మూడో నంబరు. "మూడు" అన్నాను. రెండోదానికి మెతక కుర్రాడు ఐదో నంబరు నాలుక మీదికి వచ్చాడు. మింగేశాను. "ఏడు" అన్నాను.

వాడు తాపీగా నడిచొచ్చాడు. పలకనీ వాసాన్నీ కలిపి కట్టమన్నాను. కట్టాడు. నాకు చూడగానే తెలిసింది, వదులుగా ఉంది. "ముడి వదులుగా ఉంది" అన్నాను. "ఇది చాలు, ఊడదు" అన్నాడు. అటు జరపగానే ఊడి, పలక ధన్‌మని ఎర్ర నేల మీద పడింది.

"టైమ్ అయిపోతోంది" అన్నాడు ఆఫీసర్.

నా చేతులు ముందుకి వెళ్ళాయి. నేనే కడితే చిటికెలో పని. వాటిని వెనక్కి లాక్కున్నాను. "ఏడూ, విప్పి మళ్ళీ కట్టు. మూడు అటు చివర పట్టుకుంటుంది."

వాడు నన్ను చూశాడు. నేను వాడిని చూశాను. ఆగాను. అంత పొడవాటి నిశ్శబ్దం నా జీవితంలో లేదు. కాదంటాడు. అందరి ముందూ కాదంటాడు, ఇక్కడితో అయిపోతుంది అనుకున్నాను. అయినా ఆగాను.

వాడు వంగి ముడి విప్పాడు. మళ్ళీ కట్టాడు. ఈసారి మోకాలు ఆనించి బిగించాడు. పలక నిలబడింది. పెట్టె సగం దూరం వెళ్ళింది. విజిల్ ఊదారు.

పని పూర్తి కాలేదు. పూర్తి కాని పనికి మార్కులెవరు వేస్తారు?

జూన్ 14

నా నంబరు చదివారు.

నేను కదలలేదని మళ్ళీ చదివారు.

జూన్ 14, రైల్లో

ఏడో నంబరు చదవలేదు. మూడోదీ చదవలేదు. మూడో నంబరు నన్ను గట్టిగా కౌగిలించుకుని ఏడ్చింది. తర్వాత ఏడు వచ్చాడు. "ఒకటి అడుగుతాను. నన్నెందుకు ఎంచుకున్నావు? ఇంకెవరూ నన్ను పిలవలేదు" అన్నాడు.

అప్పుడుగానీ నాకు ఆ సంగతి తట్టలేదు. వాడూ ఎక్కడో కూర్చుని తన నంబరు కోసం ఎదురుచూశాడన్నమాట.

"నువ్వు గట్టిగా కడతావని" అన్నాను.

"మొదటిసారి కట్టలేదుగా."

"రెండోసారి కట్టావు."

వాడు తలూపి బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సంతోషంగా ఉన్నాను. బాధగా కూడా ఉంది. మేడమ్‌కి ఫోన్ చేస్తే "ఊఁ, సరే" అంది. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినపడింది. జలుబని చెప్పింది.

జూన్ 15

ఇంటికొచ్చాను. ఊరేగింపు లేదు గానీ తమ్ముడు గేటు దగ్గర సెల్యూట్ కొట్టాడు. కింది వాటా ఆవిడ మిఠాయి తెచ్చింది. నాన్న వరండాలోంచి లేచి నిలబడ్డాడు. అమ్మ "తిన్నావా?" అంది.

వంటింట్లోకి వెళ్ళాను. కొత్త గ్యాసు సిలిండరు ఉంది. మందుల డబ్బా నిండుగా ఉంది. నాన్నే వీధి చివరి దుకాణం దాకా నడిచి తెచ్చుకున్నాడట. అమ్మ కుట్టిన బట్టలు తమ్ముడు సైకిలు మీద ఇచ్చొస్తున్నాడు. నాకోసం ఆగిన పని ఏదైనా ఉంటుందని ఇల్లంతా తిరిగాను. సింకులో ఒక గ్లాసు కూడా లేదు.

"ఈ ఐదు రోజులూ ఇబ్బంది పడ్డారా?" అని అడిగాను.

"ఏం ఇబ్బంది? లేదే" అన్నాడు తమ్ముడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అది వినాలనే కదా ఇన్నాళ్ళూ కష్టపడింది. అయినా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నేను లేకపోతే వీళ్ళకు జరగదనుకున్నాను. జరిగింది. వీళ్ళకు నా అవసరం లేకపోవడం కన్నా, వీళ్ళకు నా అవసరం ఉండాలన్న అవసరం నాకే ఇంతగా ఉందని తెలియడం ఎక్కువ నొప్పిగా ఉంది. మెడికల్ టెస్టులయ్యాక శిక్షణకి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండను. ఈ ఇంట్లో ఇక నేను ఎవరిని?

మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మ లేదు. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. నా కళ్ళు చూసి, చూడనట్టు నటించాడు.

"పనేమీ ఆగలేదక్కా. కానీ అమ్మతోనే చచ్చాం" అన్నాడు. "రోజూ సాయంత్రం నువ్వు డ్యూటీ దిగి వచ్చే వేళకి గేటు దాకా వెళ్ళేది. అక్క ఊళ్ళో లేదే అంటే, 'తెలుసులేరా' అనేది. కాసేపు అక్కడే నిలబడి వచ్చేది. అయిదు రోజులూ అదే తంతు."

కిటికీలోంచి చూశాను. అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నేను ఇంట్లోనే ఉన్నానన్న సంగతి మరిచిపోయి, అలవాటుగా వెళ్ళినట్టుంది. వీధి కేసి చూస్తోంది.

చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తాను.